ఇంట్లో అవాంఛిత రోమాలు తీసుకోవడం: మచ్చ పడకుండా ఏ చోటికి ఏ పద్ధతి

చేతి మీద వెంట్రుకలు తీస్తే నెల తిరిగేసరికి మళ్లీ వస్తాయి. తీసేటప్పుడు చర్మం కాలినా, చీరుకుపోయినా, పొక్కులు లేచినా అక్కడ పడే నల్లమచ్చ మాత్రం నెలల తరబడి ఉంటుంది. చామనఛాయ, నలుపు చర్మాల్లో మెలనిన్ అనే రంగు ఎక్కువ. కొద్దిపాటి మంట పుట్టినా చర్మం ఆ చోట ఇంకాస్త రంగు పోస్తుంది. కాబట్టి విజయవాడ, గుంటూరు ఎండల్లో తిరిగేవాళ్లు ఏ పద్ధతి ఎంచుకున్నా ముందు చూసుకోవాల్సింది మచ్చ సంగతి. నునుపు ఎన్నాళ్లుంటుందన్నది ఆ తర్వాత. కింద రాసిందంతా ఆ లెక్కలోనే రాశాం.

వెంట్రుకలు తీయడానికి రెండు దారులున్నాయి. చర్మం పైకి వచ్చినంత మేర కోసేయడం లేదా కరిగించడం ఒకటి: రేజరు, ట్రిమ్మరు, క్రీము. వేరుతో లాగేయడం రెండోది: వ్యాక్సు, దారం, ఎపిలేటరు, ప్లక్కరు. మొదటి దారిలో రెండు మూడు రోజులకే చెయ్యి గరుకు తగులుతుంది. రెండో దారిలో మూడు నుంచి ఆరు వారాలు ఆగుతుంది. అయితే వెంట్రుకలన్నీ ఒకేసారి పెరగవు. కొన్ని పెరుగుతుంటాయి, కొన్ని ఆగి ఉంటాయి, కొన్ని రాలడానికి సిద్ధంగా ఉంటాయి. వ్యాక్సు చేసిన వారానికే అక్కడక్కడా నాలుగు కనపడితే పని చెడిందని అనుకోవద్దు. ఆ రోజుకి చర్మం లోపలే ఉన్నవి ఇప్పుడు బయటికి వచ్చాయి, అంతే.

రేజరు పెడితే దట్టంగా వస్తాయన్న భయం ప్రతి ఇంట్లో ఉంది. అది నిజం కాదు. వెంట్రుక వేరు చర్మం లోపల ఉంటుంది, బ్లేడు దాని జోలికి వెళ్లదు. పెరిగిన వెంట్రుకకి కొస సన్నగా ఉంటుంది. బ్లేడుతో కోస్తే ఆ కొస పోయి మొద్దు మొదలు మిగులుతుంది. నిలబడ్డ వరి చేను చేతికి మెత్తగా వంగుతుంది, కోతలయ్యాక అదే చేలో కొయ్యకాళ్లు అరికాలికి గుచ్చుకుంటాయి. మొక్కలు పెరగలేదు, లావెక్కలేదు. ఇక్కడ జరిగేదీ అదే.

కాలం చూసుకుని

రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం వ్యాక్సు పెట్టుకు కూర్చుంటే పని సగంలో ఆగిపోతుంది. ఏటి గాలిలో తేమ, పైన చెమట. తడి చర్మానికి వ్యాక్సు పట్టదు, పట్టినా వెంట్రుకని వదిలేసి చర్మాన్ని లాగుతుంది. ఎండాకాలంలో రాత్రి పూట, స్నానం చేసి ఒళ్లు పూర్తిగా ఆరాక చేసుకోవడం మేలు. రాత్రి అనడానికి ఇంకో కారణం కూడా ఉంది. వెంట్రుక తీసిన చర్మానికి మర్నాటి దాకా ఎండ, చెమట, బిగుతు బట్ట తగలకూడదు. పొద్దున వ్యాక్సు చేసుకుని పదకొండింటికి విజయవాడ బెంజి సర్కిల్లో స్కూటీ మీద సిగ్నల్ దగ్గర నిలబడితే ముంజేతుల మీద నల్లగా చారికలు తేలతాయి. తప్పనిసరిగా వెళ్లాల్సి వస్తే మోచేతుల దాకా ఉండే కాటన్ గ్లవుజులు వేసుకోండి.

మిరపకాయల ఘాటు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే గుంటూరు వైపు ఇది ఏటా జరిగేదే. కొత్తకారం పట్టించే రోజుల్లో, ఆవకాయ కలిపే రోజుల్లో అదే చేత్తో వెంట్రుకలు తీసిన చోట ముట్టుకుంటే భగభగ మండుతుంది. మిరపలో మంట పుట్టించే పదార్థం నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. ముందు చేతులకి నూనె పట్టించి తుడిచి, ఆ తర్వాత సబ్బుతో రెండుసార్లు కడగండి. అసలు కారం పని ఉన్న రోజు, దాని మర్నాడు ఈ పని పెట్టుకోకపోవడం ఇంకా మంచిది.

రేజరు

కాళ్లకి, చంకలకి, తొందరగా వెళ్లాల్సిన రోజుకి రేజరే సులువు. సరిగ్గా గీసుకుంటే మచ్చ పెట్టేదీ తక్కువే. చెడిపోయేది ఎక్కువగా ముందు తయారీలో. పొడి చర్మం మీద గీయకూడదు. గోరువెచ్చటి నీళ్లతో మూడు నాలుగు నిమిషాలు తడిపితే వెంట్రుక నీళ్లు పీల్చి మెత్తబడుతుంది. బోరు నీళ్లయితే సబ్బు నురగ రాదు, తెల్లటి తరకలు కట్టి చర్మానికి అంటుకుంటుంది, బ్లేడు ఈడుస్తుంది. అలాంటి ఇంట్లో మంచినీళ్లు ఒక బకెట్‌లో పట్టుకుని, సబ్బు బదులు షేవింగ్ జెల్ గానీ తలకి రాసే కండిషనర్ గానీ పూయండి.

మొదటి గీత వెంట్రుక పెరిగే వైపుకే. కాలి మీదైతే మోకాలి నుంచి చీలమండ వైపు. అదిమి పట్టొద్దు, రేజరు బరువు చాలు. రెండు గీతలకోసారి నీళ్లలో కడగండి. ఎదురు గీస్తే ఇంకా నునుపుగా వస్తుంది, నిజమే. కానీ వెంట్రుక చర్మం మట్టం కన్నా కిందికి తెగి, మళ్లీ పెరిగేటప్పుడు బయటికి రాలేక లోపలే వంకర తిరుగుతుంది. ఉంగరాల వెంట్రుకలున్నవాళ్లకి పొక్కులు లేచేది ఇందువల్లే. చంకలో వెంట్రుకలు రెండు మూడు వైపులకి తిరిగి ఉంటాయి. చెయ్యి తల వెనక్కి పెట్టి చర్మం బిగుతుగా చేసి, పై సగం పైకి, కింది సగం కిందికి, మధ్యలో పక్కకి, ఇలా చిన్న చిన్న గీతలుగా తీయండి.

బ్లేడు ఐదు నుంచి ఏడు సార్లకి మార్చేయండి. బాత్‌రూమ్‌లో తడిగా వదిలేసిన రేజరు మన తేమకి తొందరగా తుప్పు పడుతుంది, సూక్ష్మజీవులూ చేరతాయి. దులిపి, ఆరబెట్టి, గదిలో పెట్టుకోండి. అక్కాచెల్లెళ్లయినా, భార్యాభర్తలైనా ఒకే రేజరు వాడొద్దు. కంటికి కనపడని రక్తపు చుక్కతో కూడా హెపటైటిస్ బి, సి అంటుకోగలవు. ఎక్కడైనా తెగితే తడి పటిక ముక్క అద్దితే రక్తం ఆగుతుంది.

హెయిర్ రిమూవల్ క్రీము

ఇందులో పనిచేసేది థయోగ్లైకోలేట్ అనే లవణం. వెంట్రుకని గట్టిగా పట్టి ఉంచే గంధకపు బంధాలని తెంపి దాన్ని జావలా చేస్తుంది. అందుకు చాలా క్షారం కావాలి, పీహెచ్ 12 దాకా వెళుతుంది. సున్నపు తేట కూడా అంతే ఉంటుంది. కిళ్లీలో సున్నం ఎక్కువైతే నోరు పొక్కడం అందరికీ తెలిసిందే. ట్యూబులో ఉన్న క్రీము చర్మం మీద ఎక్కువసేపు ఉంటే అదే పని చేస్తుంది. వెంట్రుకలోనూ చర్మం పై పొరలోనూ ఉన్నది కెరాటిన్ అనే ప్రోటీనే, క్రీముకి ఆ తేడా తెలియదు.

ట్యూబు కొత్తదైతే, కంపెనీ మారిస్తే, మోచేతి లోపల రూపాయి బిళ్లంత మేర రాసి, పెట్టె మీద చెప్పినంతసేపు ఉంచి కడిగి, 24 గంటలు చూడండి. ఎర్రబడినా, దురద పెట్టినా ఆ ట్యూబు మీకు పనికిరాదు. అసలు పని రోజు వేడినీళ్ల స్నానం చేసిన వెంటనే రాయకూడదు, నలుగు గానీ పీచు గానీ పెట్టి రుద్దాక అసలే రాయకూడదు. పొడి చర్మం మీద వెంట్రుకలు మునిగేటంత మందంగా పరవండి, రుద్దొద్దు. ఫోన్‌లో టైమరు పెట్టుకోండి. మూడో నిమిషంలో ఒక మూల గీకి చూడండి, వెంట్రుక వస్తే మొత్తం తీసేయండి. రాకపోతే ఇంకో నిమిషం, ఇంకో నిమిషం. ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టె మీద రాసిన గరిష్ఠ సమయం దాటకూడదు, చాలా వాటికి అది పది నిమిషాల లోపే. మంట మొదలైతే టైమరు చూడొద్దు, వెంటనే కడగండి. చల్లటి నీళ్లు పుష్కలంగా పోసి కడగాలి, సబ్బు వద్దు. నిమ్మరసం పోసి విరుగుడు చేద్దామని చూడొద్దు.

కాళ్లకి, చేతులకి ఈ పద్ధతి బాగానే ఉంటుంది. ముఖానికి ముఖం అని రాసి ఉన్న ట్యూబు మాత్రమే. జననాంగాల లోపలి భాగాలకి ఏ ట్యూబూ వద్దు. క్రీము వాడిన రోజు చంకలో డియోడరెంట్ రాయొద్దు.

పంచదార వ్యాక్సు, అరిసెల పాకం తెలిస్తే సగం వచ్చినట్టే

వ్యాక్సు డబ్బాలు విజయవాడ గవర్నరుపేటలో, గుంటూరు బ్రాడీపేటలో ఏ కాస్మెటిక్ షాపులోనైనా దొరుకుతాయి. అయితే మన ఇళ్లలో పాకం పట్టడం తెలిసినవాళ్లున్నారు కాబట్టి పంచదార వ్యాక్సు ఇంట్లోనే బాగా కుదురుతుంది. ఇది నీళ్లతో కడిగితే పోతుంది. చాలా డబ్బా వ్యాక్సుల్లో జిగురు బంక ఉంటుంది, నూనె పెడితే తప్ప వదలదు. పంచదార పాకం వెంట్రుకని పట్టుకున్నంత గట్టిగా చర్మాన్ని పట్టుకోదు. నల్లమచ్చ పడే చర్మానికి ఆ తేడా చాలా విలువైనది.

రెండు కప్పుల పంచదార, పావు కప్పు నిమ్మరసం, పావు కప్పు నీళ్లు. మన నిమ్మకాయలైతే మూడు నాలుగు పడతాయి. రసం వడకట్టండి, గింజ గానీ తొన గానీ పడకూడదు. నిమ్మరసం వాసన కోసం కాదు. పులుపు తగిలితే పంచదార గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడిపోతుంది, చల్లారాక మళ్లీ పలుకులు కట్టకుండా ఉండేది దానివల్లే. పులుపు తగ్గిస్తే మర్నాటికి సీసాలో పటిక బెల్లం తయారవుతుంది.

అడుగు మందంగా ఉన్న గిన్నెలో మూడూ వేసి సన్నసెగ మీద పెట్టి, పంచదార కరిగేదాకా కలపండి. కరిగాక గరిటె తీసేయండి. మరిగేటప్పుడు కలిపితే అంచులకి అంటుకున్న పలుకులు లోపల పడి మొత్తం గరుకెక్కుతుంది. అంచుల్ని తడిగుడ్డ చుట్టిన పుల్లతో తుడుస్తూ ఉండండి. మొదట నీళ్లలా పెద్ద బుడగలు, తర్వాత నురగలా చిన్న బుడగలు, రంగు లేత పసుపు నుంచి పలచటి తేనె రంగుకి వస్తుంది. పన్నెండో నిమిషం నుంచి చూడటం మొదలుపెట్టండి. గిన్నెలో చల్లటి నీళ్లు పోసి ఒక చుక్క వేయండి. తీగలా సాగి కరిగిపోతే ఇంకా లేతది. వేళ్లతో ఉండ చేస్తే అయ్యి, నొక్కితే మెల్లగా చదునవుతుందా, అదే అరిసెల పాకం. వ్యాక్సుకి అక్కడి నుంచి ఇంకో అడుగు ముందుకి వెళ్లాలి: ఉండ నీళ్లలోంచి తీశాక కూడా ఆకారం నిలవాలి, కానీ గోటితో నొక్కితే దిగాలి. వంటింటి థర్మామీటరు ఉంటే 118 నుంచి 120 డిగ్రీల సెల్సియస్. ఉండ గిన్నెకేసి కొడితే టక్కుమంటే ముదిరిపోయినట్టే.

గది వేడిని బట్టి ఈ పాకం మార్చుకోవాలి. ఒకే కొలతతో చేసినా ఒకసారి కుదిరి ఇంకోసారి చెడేది ఇక్కడే. మే నెలలో గదే 38, 40 డిగ్రీలుంటుంది, లేత పాకం చర్మం మీద కారిపోయి గుడ్డకి అంటదు. అప్పుడు కొంచెం ముదురు పట్టండి. సంక్రాంతి చలిలో అదే ముదురు పాకం రాయిలా బిగుస్తుంది, కొంచెం లేతగానే దించండి. పని మధ్యలో మరీ పలచగా అనిపిస్తే మళ్లీ రెండు నిమిషాలు సెగ మీద పెట్టండి. ముదిరితే చెంచాడు నీళ్లు పోసి వెచ్చబెట్టండి. పలుకులు కడితే పావు కప్పు నీళ్లు, అరచెక్క నిమ్మరసం వేసి మొదటి నుంచి మరిగించండి. పారబోయాల్సిన అవసరం దాదాపు రాదు.

పొయ్యి దించిన పాకం మరిగే నీళ్లకన్నా వేడి, పైగా అంటుకుంటుంది. పిల్లల్ని వంటింట్లోకి రానివ్వొద్దు. ఒంటి మీద పడితే కుళాయి కింద పెట్టి 20 నిమిషాలు నీళ్లు పోయండి. టూత్‌పేస్టు, పసుపు, సిరా ఏమీ రాయొద్దు. వాడటానికి ముందు అరగంటకి పైగా చల్లార్చి, ముంజేయి లోపలి వైపు చిన్న చుక్క పెట్టి చూడండి. గోరువెచ్చగా తగలాలి, చురుక్కుమంటే ఇంకా ఆగాలి.

వెంట్రుక పొడుగు కనీసం 6 మిల్లీమీటర్లు ఉండాలి, వరిగింజంత అనుకోండి. అంతకన్నా పొట్టిగా ఉంటే వ్యాక్సుకి పట్టు దొరక్క సగంలో తెగిపోతుంది. సెంటీమీటరు దాటితే నొప్పి ఎక్కువ, ముందు కత్తెరతో పొట్టి చేయండి. ఇక చర్మం. నూనె, లోషన్ లేకుండా కడిగి, ఆరనిచ్చి, టాల్కమ్ పౌడరు పలచగా చల్లి చేత్తో దులపండి. పౌడరు చెమట పీల్చుకుంటుంది, పాకం చర్మానికి మరీ అతుక్కోకుండా చూస్తుంది.

పాత జీన్స్ ప్యాంటు గుడ్డని మూడు వేళ్ల వెడల్పు, జానెడు పొడుగున ముక్కలు చేసుకోండి. జీన్స్ సాగదు. సాగే బనీను గుడ్డతో లాగితే బలమంతా గుడ్డలోనే పోతుంది. వెన్న రాసే మొద్దు చాకుతో గానీ ఐస్‌క్రీమ్ పుల్లతో గానీ పాకాన్ని వెంట్రుక పెరిగే వైపుకి, కింద చర్మం కనిపించేంత పలచగా పరవండి. మందంగా పూస్తే ఎక్కువ వెంట్రుకలు వస్తాయనుకుంటారు. మందపు పొర మధ్యలో చీలిపోయి చర్మం మీదే ఉండిపోతుంది. గుడ్డ వేసి, కొస ఒక అంగుళం పట్టుకోవడానికి వదిలి, అదే వైపుకి మూడు నాలుగు సార్లు రుద్దండి.

ఇప్పుడు లాగడం. ఒక చేత్తో కింది చర్మాన్ని గట్టిగా బిగించి పట్టండి. రెండో చేత్తో గుడ్డని వెంట్రుకకి ఎదురుగా, చర్మానికి రాసుకుంటూ వెళ్లేలా ఒక్క ఊపున లాగండి. గుడ్డని పైకి, చూరు వైపు లాగడమే అన్నిటికన్నా పెద్ద పొరపాటు. పైకి లాగితే చర్మం కూడా లేస్తుంది, కమిలి నల్లబడుతుంది, వెంట్రుక మధ్యలో తెగుతుంది. మెల్లగా లాగినా అంతే. లాగిన వెంటనే అరచెయ్యి ఆ చోట అదిమి పెట్టండి, నొప్పి చప్పున దిగుతుంది. గుడ్డకి అంటుకున్న వెంట్రుకలు చూడండి. కొసన చిన్న తెల్లటి ఉబ్బు కనపడితే వేరుతో వచ్చినట్టు. సూదిలా తెగిన కొసలే ఎక్కువుంటే చర్మం బిగించడంలోనో, లాగే వైపులోనో తేడా వచ్చింది, తర్వాతి పట్టీకి సరిచేసుకోండి.

ఒక చోట రెండుసార్లకి మించి వేయొద్దు. మిగిలిన ఒకటి రెండింటిని ప్లక్కరుతో తీయండి. చంకని మూడు చిన్న ముక్కలుగా చేయాలి, ఒకే గుడ్డతో లాగాలని చూస్తే రక్తం చిమ్ముతుంది. మోకాలి చిప్ప మీద కాలు మడిచి చేయండి. నెలసరి వచ్చే రెండు మూడు రోజుల ముందు నొప్పి ఎక్కువగా తెలుస్తుంది, అయిపోయిన వారం తేలిక.

వ్యాక్సు జోలికి వెళ్లకూడనివాళ్లున్నారు. మొటిమలకి ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతున్నవాళ్లు, ఆపి ఆరు నెలలు కానివాళ్లు: వాళ్ల చర్మం పై పొర పలచబడి ఉంటుంది, గుడ్డతో పాటే ఊడి వస్తుంది. ట్రెటినాయిన్, అడాపలీన్, రెటినాల్ క్రీములు రాసే చోట వారం ముందే ఆపాలి. రక్తం పలచబడే మందులు వేసుకునేవాళ్లు, షుగరు అదుపులో లేనివాళ్లు, పిక్కల మీద సిరలు ఉబ్బినవాళ్లు ట్రిమ్మరుతో సరిపెట్టుకోవాలి. పుట్టుమచ్చ, పులిపిరి, గాయం, ఎండకి కమిలిన చోట ఎవరికైనా వద్దే వద్దు.

ముఖం

పైపెదవికి, గడ్డం కింద నాలుగైదు వెంట్రుకలకి దారం కన్నా మంచిది లేదు. చర్మాన్ని లాగదు, రసాయనం లేదు. మూరెడున్నర నూలు దారం కొసలు ముడేసి, రెండు చేతుల వేళ్లకి తొడిగి, మధ్యలో ఏడెనిమిది మెలికలు తిప్పండి. మెలిక ఉన్న చోట వెంట్రుకకి ఆనించి ఒక చేతి వేళ్లు విప్పితే మెలిక జరిగి వెంట్రుకని పట్టి పీకుతుంది. ముందు మోకాలి మీద అభ్యాసం చేయండి. పెదవి లోపల నాలుకతో ఉబ్బించి పెట్టుకుంటే చర్మం బిగుస్తుంది. కనుబొమల ఆకారం మాత్రం చెయ్యి తిరిగినవాళ్లకే వదిలేయడం మేలు.

తెల్లబడటానికని డాక్టరు చెప్పకుండా నెలల తరబడి క్రీములు రాసేవాళ్లకి గట్టిగా చెప్పాల్సిన మాట. అలా అమ్మే కొన్నిటిలో బీటామెథసోన్, క్లోబెటసాల్ లాంటి స్టెరాయిడ్లు ఉంటాయి. అవి ముఖం మీద చర్మాన్ని పలచన చేస్తాయి, ఎర్రటి సన్న నరాలు తేలుస్తాయి, పైగా కొత్తగా నూగు పెంచుతాయి. ఆ నూగుని వ్యాక్సుతో లాగితే పలచటి చర్మం చిరుగుతుంది. ట్యూబు మీద పేర్లు చదవండి. అలాంటివి కనిపిస్తే చర్మ వైద్యులకి చూపించి మెల్లగా మానాలి.

ఎపిలేటరు, లైటు మిషన్లు

ఎపిలేటరు చిన్న చిన్న ప్లక్కర్ల చక్రం. 2 నుంచి 5 మిల్లీమీటర్ల వెంట్రుక ఉంటే చాలు, వంటింటి పని లేదు. కాళ్లకి బాగుంటుంది. చర్మానికి నిటారుగా పట్టుకుని మెల్లగా నడపాలి. గబగబా తిప్పితే వెంట్రుకలు విరిగి, లోపల పెరిగే వెంట్రుకలు ఎక్కువవుతాయి.

ఇంట్లో వాడే ఐపీఎల్ మిషన్ల (కాంతి మెరుపులు కొట్టి వెంట్రుకలు తగ్గించేవి) సంగతి వేరు. కాంతిని వెంట్రుకలోని నల్లరంగు పీల్చుకుని వేడెక్కి వేరుని దెబ్బతీస్తుంది. ఇబ్బంది ఏమిటంటే ఆ నల్లరంగు మన చర్మంలోనూ ఉంది. తెల్ల చర్మం, నల్ల వెంట్రుక ఉన్నవాళ్లకి ఇది సాఫీగా పనిచేస్తుంది. చర్మం నల్లగా ఉంటే కాంతి చర్మంలోనే ఆగి కాలుస్తుంది. పెట్టెలో రంగుల పట్టీ ఉంటుంది, మీ ముంజేయిని పగటి వెలుతురులో దాని పక్కన పెట్టి చూడండి. ముదురు గోధుమ దాటితే కొనొద్దు. కొన్నా అన్నిటికన్నా తక్కువ మెట్టులో మొదలుపెట్టి, ఒక చోట కొట్టి 24 గంటలు ఆగి చూడాలి. వాడే ముందు వ్యాక్సు చేయకూడదు, రేజరుతో గీయాలి, వేరు లోపల ఉంటేనే కాంతికి పని. నెత్తి మీద ఎండ మండే నెలల్లో చేతుల మీద మానేయడమే మేలు. గడ్డం, దవడల మీద ఇంకో చిక్కుంది: దక్షిణాసియా ఆడవాళ్లలో కొందరికి కాంతి తగిలిన అంచుల్లో నూగు ముదిరి నల్ల వెంట్రుకలవుతుంది. ముఖానికి లైటు చికిత్స కావాలంటే చర్మ వైద్యుల దగ్గరికే వెళ్లండి. నల్ల చర్మానికి 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ లేజరు వాడతారు, అది పైనున్న రంగుని దాటుకుని లోతుకి వెళుతుంది. ఏ లేజరుకి వెళ్లినా పలుమార్లు కూర్చోవాలి, తగ్గుతాయి, మొత్తం పోతాయని చెబితే నమ్మొద్దు.

సున్నిపిండి, పెసరపిండి, పసుపు రుద్దితే మట్టి, చచ్చిన చర్మం పోతాయి, ఊడటానికి సిద్ధంగా ఉన్న నూగు కొంత రాలుతుంది. ముదురు వెంట్రుకకి అది చాలదు. పసిపిల్లల ఒళ్లు వెంట్రుకల కోసం గట్టిగా రుద్దొద్దు, ఆ నూగు దానంతట అదే రాలుతుంది. హరిదళం, సున్నం కలిపి రాసే పాత చిట్కా మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది. హరిదళంలో ఉన్నది ఆర్సెనిక్, పాషాణం.

మర్మాంగాల దగ్గర

ఇక్కడ గార్డు పెట్టిన ట్రిమ్మరుతో 3 నుంచి 5 మిల్లీమీటర్ల దాకా కత్తిరించుకోవడం చాలు. పూర్తిగా తీయాల్సిన ఆరోగ్య అవసరం ఏదీ లేదు. చెమట, ఒరిపిడి ఎక్కువ ఉన్న చోట రేజరు పెడితే సెగగడ్డలు లేస్తాయి. ఆపరేషనుకో, కాన్పుకో వెళ్లే ముందు ఇంట్లో గీసుకుని వెళ్లకండి. బ్లేడు చేసే కంటికి కనపడని గాట్లలోంచి చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆపరేషనుకి ముందు షేవింగ్ వద్దనే చెబుతుంది. అవసరమైతే ఆసుపత్రిలో క్లిప్పరుతో తీస్తారు.

తీసిన తర్వాత

చల్లటి నీళ్లలో తడిపిన మెత్తటి గుడ్డ ఐదు నిమిషాలు వేయండి. ఆపైన వాసన లేని మాయిశ్చరైజరు చాలు. 24 గంటలు వేడినీళ్లు, ఈతకొలను, సెంటు, బిగుతు లెగ్గింగులు వద్దు. మూడో రోజు నుంచి మెత్తటి గుడ్డతో రుద్ది స్నానం చేస్తే చచ్చిన చర్మం పోయి వెంట్రుక బయటికి దారి చేసుకుంటుంది.

లోపల పెరిగిన వెంట్రుకని సూదితో తవ్వడమే ఎక్కువ మచ్చలకి మూలం. రోజుకి రెండుసార్లు గోరువెచ్చటి తడిగుడ్డ పది నిమిషాలు వేయండి, రెండు శాతం సాలిసిలిక్ యాసిడ్ జెల్ రాత్రి పూట రాయండి, ఆ చోట తీయడం నెలపాటు ఆపండి. మచ్చ పడిపోతే ఎండ తగలకుండా సన్‌స్క్రీన్ రాయడమే మొదటి మందు. ఎరుపు పాకుతున్నా, చీము గడ్డ కట్టినా, జ్వరం వచ్చినా ఇంటి వైద్యం ఆపి డాక్టరుకి చూపించాలి. గుంటూరు, విజయవాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో చర్మవ్యాధుల ఓపీ ఉంటుంది. గడ్డం, రొమ్ము మధ్య, పొత్తికడుపు మీద ముదురు వెంట్రుకలు కొత్తగా వస్తూ, నెలసరి కూడా తప్పుతుంటే హార్మోన్లు చూడాలి. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో వచ్చే అండాశయాల సమస్య) ఉంటే ఏ వ్యాక్సూ దాన్ని ఆపదు. నెలల్లోనే గొంతు బొంగురుపోయి వెంట్రుకలు పెరుగుతుంటే అసలు ఆలస్యం చేయొద్దు.

పెళ్లికూతురికైతే రోజులు ముందే లెక్కేసుకోవాలి. నలుగు పెట్టే రోజుకి కనీసం నాలుగు రోజుల ముందు వ్యాక్సు అయిపోవాలి. వ్యాక్సుతో కొత్తగా తెరుచుకున్న రంధ్రాల మీద పసుపు, పిండి రుద్దితే పొక్కులు లేస్తాయి. మెహందీ వ్యాక్సు తర్వాతే పెట్టించుకోవాలి, ముందు పెడితే పండిన పై పొర పట్టీతో పాటే ఊడిపోతుంది. ఎప్పుడూ వాడని క్రీము, వ్యాక్సు, మిషను ఏదైనా సరే మొదటిసారి ముహూర్తానికి నెల ముందు పరీక్షించి చూసుకోండి, పొక్కులు లేచినా తగ్గడానికి వ్యవధి ఉంటుంది.